విప్పి చూసి నేర్చిన విద్య: జి.డి. నాయుడు, కోయంబత్తూరు మోటారు

రాయ్‌పూర్ శివార్లలో వరి పొలం కావచ్చు, నల్గొండలో బత్తాయి తోట కావచ్చు, అనంతపురంలో అదే పండుకు చీనీ అని పేరున్న తోట కావచ్చు. బోరు దగ్గర సరంజామా మాత్రం ఒకటే: గోడకో, కర్రకో బిగించిన స్టార్టర్ పెట్టె, దానికో పచ్చ బటన్, ఓ ఎర్ర బటన్, మూడు ఫేజుల వైర్లు. బటన్ నొక్కితే భూమి లోపల ఎక్కడో మోటారు తిరుగుతుంది, పైపు నుంచి నీళ్లు దూకుతాయి. ఆ మోటారుకు అంటించిన చిన్న రేకు పలకను చదివితే దాని మీద ఉన్న ఊరి పేరు చాలాసార్లు కోయంబత్తూరు.

సముద్రతీరం లేదు, పెద్ద నది లేదు, పక్కన ఇనుప గనులూ లేవు. అలాంటి ఊరు దేశానికి మోటార్లు, పంపులు పంపే ఊరుగా ఎలా మారింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే ఎదురయ్యే వాళ్లలో ముఖ్యుడు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. తమిళనాడులో జి.డి. నాయుడు అంటే చిన్న పిల్లలకూ తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినా ఆయన గురించి తెలుగు పాఠకులకు తెలిసింది తక్కువే.

విజయనగర, నాయక రాజుల కాలంలో కొంగునాడుకు తరలివెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. నాయుడుది అలాంటి ఇల్లే. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. బడి ఆయనకు నచ్చలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మొత్తానికి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది.

ఒక ఆంగ్లేయ అధికారి ఊళ్లోకి రడ్జ్ కంపెనీ మోటారు సైకిల్ మీద రావడం ఆ కుర్రాడి దిశ మార్చింది. ఎద్దులు, గుర్రాలు లేకుండా కదిలే బండిని అతను చూడటం అదే మొదటిసారి. అలాంటిది కొనాలన్న పట్టుదలతో కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరి, కొన్నేళ్లపాటు జీతం దాచి, చివరికి కొనేశాడు. దాన్ని ఊరంతా తిప్పి చూపించుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. అతను చేసిన మొదటి పని దాన్ని పూర్తిగా విప్పేసి, ఏ ముక్క ఎందుకుందో చూసి, మళ్లీ బిగించడం.

ఆ తర్వాత నాయుడు చేసిన పనులన్నింటిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. పుస్తకంలో సూత్రం చదివి యంత్రం దగ్గరికి వెళ్లే దారి ఆయనది కాదు. యంత్రాన్ని విప్పి, అందులోంచి సూత్రాన్ని వెనక్కి లాగే దారి. ఈ పద్ధతికి బలం ఉంది, హద్దులూ ఉన్నాయి. రెండూ ఆయన జీవితంలో కనిపిస్తాయి.

1920లో కోయంబత్తూరులోని బ్రిటిష్ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఇచ్చిన ఆర్థిక సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళని దాకా తానే నడిపారు. కొన్నేళ్లలో ఆ ఒక్క బస్సు పెద్ద రవాణా సంస్థ అయింది, యు.ఎం.ఎస్. అనే మూడక్షరాలు ఆ ప్రాంతమంతా తెలిశాయి. బస్సుల వ్యాపారం గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. బస్సులు ఉన్నచోట వర్క్‌షాప్ ఉంటుంది. లేతు యంత్రాలు, ఫిట్టర్లు, వెల్డర్లు, డైనమో బాగుచేసేవాళ్లు ఉంటారు. నాయుడి ప్రయోగశాల ఆ షెడ్డే.

కొండ మీది నీరు, బావిలోని నీరు

1930ల మొదట్లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడ నీరు 900 మీటర్లకు పైగా ఎత్తు నుంచి గొట్టాల్లో కిందికి దూకి టర్బైన్లను తిప్పుతుంది. కొండ కింద ఉన్న కోయంబత్తూరుకు ఆ కరెంటు వచ్చింది. బట్టల మిల్లులు వరసగా లేచాయి. కానీ కరెంటు కోసం ఎదురుచూసింది మిల్లు యజమానులు ఒక్కరే కాదు.

అది వానలు తక్కువ పడే నేల. పత్తి, చెరకు, కూరగాయలు ఏవి పండాలన్నా బావి నీళ్లే దిక్కు. ఆ బావులు లోతు. తెలంగాణలో మోట, రాయలసీమలో కపిల అని పిలిచే పద్ధతే అక్కడా ఉండేది. తోలు బానకు మోకు కట్టి, జత ఎద్దులను ఏటవాలు దారిలో నడిపించి నీళ్లు లాగడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనిషీ ఎద్దులూ కలిసి పడే పాటు.

కరెంటు వస్తే ఏమవుతుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక లీటరు నీటిని 25 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి సుమారు 245 జూళ్ల శక్తి చాలు. పైకారాలో అదే ఒక లీటరు నీరు 900 మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 8,800 జూళ్లు విడుదలవుతాయి. అంటే నష్టాలేవీ లేకపోతే కొండ మీది ఒక్క లీటరు, బావిలోని 36 లీటర్లను పైకి లాగగలదు. టర్బైన్‌లో, తీగల్లో, మోటారులో, పంపులో సగానికి పైగా శక్తి పోయినా పది, పదిహేను లీటర్లకు లోటుండదు. కొండ మీది వాన కింద పొలంలో బావి తోడుతుంది. మధ్యలో కావలసింది ఒక్క మోటారే.

ఆ మోటారు మాత్రం విదేశాల నుంచి రావాలి. ధర వాళ్లు చెప్పిందే. వైండింగ్ కాలిపోతే, బేరింగు అరిగిపోతే విడిభాగాల కోసం ఓడ వచ్చేదాకా ఆగాలి. ఆలోపు పంట ఎండిపోతుంది.

కదలని తీగలు తిప్పే చక్రం

పొలంలోని త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారు చూడటానికి మొద్దు వస్తువులా ఉంటుంది. లోపల జరిగేది మాత్రం చాలా తెలివైన ఏర్పాటు. బయటి భాగాన్ని స్టేటర్ అంటారు, అది కదలదు. దాని గాడుల్లో రాగి తీగ చుట్టలు మూడు జట్లుగా ఉంటాయి. లోపల తిరిగే భాగం రోటర్. దానికి బయటి నుంచి ఒక్క కరెంటు తీగ కూడా వెళ్లదు. ఇనుప స్తంభంలో లోహపు కడ్డీలు పొదిగి, రెండు చివర్లా ఉంగరాలతో కలిపిన పంజరం అది, అంతే. తీగ తగలని ఆ పంజరం ఎందుకు తిరుగుతుంది?

పెళ్లి పందిళ్లకు వేసే సీరియల్ లైట్లను గుర్తుచేసుకోవాలి. బల్బులు ఉన్నచోటే ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతుంటే, వెలుగు పరిగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. స్టేటర్‌లో జరిగేదీ ఇలాంటిదే. మన కరెంటు సెకనుకు 50 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి తారస్థాయికి చేరిన 150వ వంతు సెకను తర్వాత రెండోది, మరో అంత సమయానికి మూడోది తారస్థాయికి చేరతాయి. చుట్టలు కదలవు, వాటి అయస్కాంత క్షేత్రం మాత్రం గిర్రున తిరుగుతుంది. ఇది మన కంటి భ్రమ కాదు. క్షేత్రం దిశ నిజంగానే తిరుగుతుంది.

ఆ తిరిగే క్షేత్రం పంజరం కడ్డీలను దాటుతూ వాటిలో కరెంటును ప్రేరేపిస్తుంది. కరెంటు పారే కడ్డీ అయస్కాంత క్షేత్రంలో ఉంటే దాని మీద బలం పనిచేస్తుంది. దాంతో రోటర్ క్షేత్రం వెంట పడుతుంది. ఎంత వెంటపడినా దాన్ని అందుకోలేదు. అందుకుంటే కడ్డీలను క్షేత్రం దాటడం ఆగిపోతుంది. కరెంటూ పోతుంది, బలమూ పోతుంది. అందుకే రోటర్ ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. మోటారు పలక మీద 3000 అని కాకుండా 2880 అని, 1500 అని కాకుండా 1440 అని విడ్డూరమైన అంకెలు ఉండటానికి కారణం ఇదే. నిమిషానికి 3000 సార్లు తిరిగే క్షేత్రం వెనక 2880 సార్లు తిరిగే రోటర్.

రైతులకు బాగా తెలిసిన ఒక బాధ కూడా దీంతో అర్థమవుతుంది. మూడింటిలో ఒక ఫేజు పోతే మోటారు స్టార్ట్ కాదు. బుయ్యిమని మూలుగుతుంది, వెంటనే ఆపకపోతే కాలిపోతుంది. మిగిలిన తీగల్లో కరెంటు ఉన్నా క్షేత్రం తిరగదు, ఉన్నచోటే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. రోటర్‌కు వెంటపడటానికి దిశ దొరకదు. నిలబడిపోయిన రోటర్ వల్ల తీగలు మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగి వేడెక్కిపోతాయి. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కు ఒక్క ఫేజే కదా అంటే, దాని లోపలి కెపాసిటర్ రెండో ఫేజులాంటిదాన్ని తయారుచేసి ఇస్తుంది. కెపాసిటర్ పాడైన ఫ్యాన్‌ను చేత్తో తోస్తే తప్ప కదలకపోవడం చాలామంది ఇళ్లలో చూసిందే.

తిరిగే క్షేత్రం ఆలోచన ఇటలీలో గెలీలియో ఫెరారిస్‌కు, అమెరికాలో నికోలా టెస్లాకు విడివిడిగా తట్టింది. టెస్లా పేటెంట్లు 1888లో వచ్చాయి. మరుసటి ఏడాదే మిఖాయిల్ దొలివో-దొబ్రొవొల్‌స్కీ జర్మనీలో మూడు ఫేజుల పంజరం మోటారు చేశాడు. అంటే 1930ల నాటికి ఈ మోటారు సూత్రంలో రహస్యం ఏమీ మిగల్లేదు. చిక్కంతా తయారీలో ఉంది.

స్టేటర్‌ను దిమ్మ ఇనుముతో చేస్తే అందులో సుడి కరెంట్లు పుట్టి అది పొయ్యిలా కాగుతుంది. అందుకే సిలికాన్ కలిపిన ఉక్కును పల్చని రేకులుగా కోసి, ఒకదానికొకటి కరెంటు అంటకుండా పూతపూసి, వందల రేకులను పేర్చాలి. ప్రతి రేకులో గాడులు ఒకదాని మీద ఒకటి అచ్చంగా కుదరాలి. స్టేటర్‌కూ రోటర్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే. ఎక్కువైతే మోటారు బలహీనపడుతుంది, తక్కువైతే రోటర్ రాసుకుంటుంది. గాడుల్లో తీగను దూర్చేటప్పుడు ఎక్కడ పూత గీసుకుపోయినా కొద్ది రోజుల్లో షార్ట్ అవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ గొప్ప సిద్ధాంతం కాదు. అన్నీ ఒకేసారి ఒకేచోట సరిగ్గా చేయగల చేతులు దొరకడమే కష్టం.

1937, పీలమేడు

ఆ చేతులు కోయంబత్తూరులో ఉన్నాయి. చెరకు గానుగలు, పంపుల విడిభాగాలు పోతపోసే ఫౌండ్రీలు అప్పటికే ఉన్నాయి, మిల్లు యంత్రాలు బాగుచేసే పనివాళ్లు ఉన్నారు, యు.ఎం.ఎస్. వర్క్‌షాప్ ఉంది. నగరం పక్కన పీలమేడులో నాయుడు నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ పెట్టారు. 1937లో అక్కడి నుంచి మోటారు బయటికి వచ్చింది. దేశంలోనే తయారైన తొలి విద్యుత్ మోటారుగా కోయంబత్తూరు దాన్ని చెప్పుకుంటుంది.

ఆ మోటారుకు రూపకల్పన చేసింది డి. బాలసుందరం నాయుడు. తర్వాత ఆయన టెక్స్‌టూల్ అనే యంత్ర తయారీ సంస్థను స్థాపించారు. పెద్ద పేరు నీడలో రెండో పేరు కనబడకుండా పోవడం ఆవిష్కరణల చరిత్రలో మామూలే. ఇక్కడా కొంత అదే జరిగింది. కథలన్నీ జి.డి. నాయుడు చుట్టూ అల్లుకున్నాయి. షెడ్డు, పెట్టుబడి, ధైర్యం, విప్పి చూసే అలవాటు ఒకరివైతే, డ్రాయింగు మరొకరిది. రెండూ లేకుండా ఆ మోటారు లేదు.

నాయుడిని భారతదేశపు ఎడిసన్ అంటారు. తక్కువ చదువు, ఎక్కువ వర్క్‌షాప్, చుట్టూ మనుషుల బృందం, ప్రచారం మీద మంచి పట్టు: ఇంతవరకు పోలిక బాగానే కుదురుతుంది. కాకపోతే ఎడిసన్ ఏసీ కరెంటును గట్టిగా వ్యతిరేకించినవాడు. కోయంబత్తూరు బావుల మీద తిరిగినవి టెస్లా, దొబ్రొవొల్‌స్కీల వారసత్వపు మోటార్లు.

అరచేతిలో మోటారు, సంచిలో కారు

బావి మోటారుకు సరిగ్గా ఎదురు చివర ఉన్నది రసాంట్ రేజర్. యూరప్ పర్యటనల తర్వాత నాయుడు రూపొందించిన ఈ విద్యుత్ రేజర్‌లో చిన్న మోటారును డ్రై సెల్స్ నడిపిస్తాయి. ఇక్కడ సమస్య వేరు. సెల్ ఇచ్చేది ఒకే దిశలో పారే కరెంటు. కాబట్టి తిరిగే క్షేత్రం దొరకదు. తిరిగే చుట్టలోనే కరెంటు దిశను ప్రతి అర చుట్టుకూ మార్చాలి. ఆ పని కమ్యుటేటర్, బ్రష్‌లు చేస్తాయి. పైగా డ్రై సెల్ లోపలి నిరోధం వల్ల ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి పడిపోతుంది. కాబట్టి మోటారు తక్కువ కరెంటుతోనే వేగంగా తిరగాలి, చేతిలో అదరకూడదు, గడ్డం మధ్యలో ఆగకూడదు. వ్యవసాయ మోటారు మొరటుతనానికి పరీక్ష అయితే ఇది పొదుపుకు పరీక్ష.

ఇవే కాదు. అతి పల్చని షేవింగ్ బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కెమెరాకు దూరం సరిచేసే పరికరం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాన్, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం వంటివి ఆయన జాబితాలో ఉన్నాయి. కరెంటు కోసం అంత చేసిన మనిషి కిరోసిన్ ఫ్యాన్ చేయడం వింతేమీ కాదు. తీగ చేరని ఊళ్లే అప్పుడు ఎక్కువ. ఓటు యంత్రం ఆలోచన కాలానికి ముందు వచ్చింది. ఎన్నికల సంఘం కోరిక మీద హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనా తయారుచేసింది 1970ల చివర్లో.

1941లో ఆయన అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. అయిదు వాల్వులంటే చిన్న సంగతి కాదు. మామూలుగా అలాంటి సెట్టులో ఒకటి అందిన తరంగాన్ని వేరే పౌనఃపున్యానికి మారుస్తుంది, ఒకటి పెంచుతుంది, ఒకటి అందులోంచి మాటను వేరుచేస్తుంది, ఒకటి స్పీకరును మోగిస్తుంది, చివరిది ఏసీని డీసీగా మారుస్తుంది. రేడియో ధనవంతుల ఇళ్ల వస్తువుగా ఉన్న రోజుల్లో ఆ ధర ఒక సవాలు.

1952లో పెట్రోలుతో నడిచే రెండు సీట్ల కారు తయారైంది. ధర 2,000 రూపాయలు. ఒక సంచి డబ్బుతో రైతు కూడా కొనగల కారన్నమాట. అయితే అప్పటికి 1951 నాటి పరిశ్రమల చట్టం వచ్చేసింది. ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు కావాలి. ప్రభుత్వం నాయుడికి లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. చవక కారు కోసం ఈ దేశం ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు ఎదురుచూసిందో తెలిసినవాళ్లకు ఇది చేదుగానే ఉంటుంది. విప్పి నేర్చుకునే పద్ధతికి ఉన్న హద్దు కూడా ఇక్కడే కనబడుతుంది. ఒక నమూనా చేయడానికి షెడ్డు చాలు. వేల కార్లు చేయడానికి ఉక్కు కోటా, బ్యాంకు, చట్టం అన్నీ కలిసిరావాలి; వాటిని స్క్రూడ్రైవర్‌తో విప్పలేం.

రెండేళ్లా, నాలుగేళ్లా?

1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. వెనక ఉన్నది నాయుడి డబ్బు, శ్రమ. బడి మానేసిన మనిషి ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఎక్కువ కాలం నిలవలేదు. నాలుగేళ్ల కోర్సు కాలం వృథా అని, రెండేళ్లలో అదే విద్య నేర్పవచ్చని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

ఈ తగవులో ఆయన వైపు పూర్తిగా నిలబడటం కష్టమే. మోటారును బాగుచేయడానికి, ఉన్న మోటారులాంటిది మరొకటి చేయడానికి రెండేళ్లు సరిపోవచ్చు. ఏ రేకు మందం ఎంత ఉంటే ఎంత నష్టం తగ్గుతుందో ముందే లెక్కగట్టి, ఇంతవరకూ లేని మోటారును కాగితం మీద రాబట్టాలంటే గణితం కావాలి, దానికి సమయం కావాలి. కానీ ఆయన చూసిన లోపం నిజమైనది. లేతు యంత్రాన్ని ముట్టుకోకుండానే డిగ్రీ పట్టుకుని బయటికి వచ్చే ఇంజనీర్ల గురించి ఈ రోజుకీ అదే ఫిర్యాదు వినిపిస్తోంది.

జి.డి. నాయుడు 1974 జనవరి 4న మరణించారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ఉన్న ఆయన మ్యూజియంలో పరికరాలతో పాటు ఆ రడ్జ్ బండి కూడా ఉంది. నగరంలో వీధి వీధికీ విస్తరించిన చిన్న షెడ్లలో ఒకరు రేకులు కోస్తారు, ఒకరు రోటర్ పోతపోస్తారు, ఒకరు వైండింగ్ చుడతారు, ఇంకొకరు బిగించి పరీక్షిస్తారు. పొలాల పంపులూ, భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు వెట్ గ్రైండర్లూ ఆ షెడ్ల నుంచే వస్తాయి. తెలుగు ఇళ్లలో దోసె పిండి రుబ్బే గ్రైండర్లలో చాలా వాటి మూలం కూడా అక్కడే.

2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్‌ను ప్రారంభించి, దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. అది పీలమేడు మీదుగా సాగుతుంది. ఆ దారిలోనే ఒక కూడలిని ఊరి జనం, బస్సు కండక్టర్లు ఇప్పటికీ హోప్ కాలేజ్ అనే పిలుస్తారు. కాలేజీ అక్కడి నుంచి తడాగం రోడ్డుకు మారి చాలా ఏళ్లయింది.